దాచిన రోగం

మా పెద్దవాడు అమెరికాలో యేం చేస్తున్నాడని యెవరైనా అడిగితే ఇన్నాళ్ళూ "పశువుల డాక్టరు" అని చెప్పి మాట మార్చేదాన్ని. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. వాడు పందుల డాక్టరు. పెళ్ళిపందిట్లో నలుగురి యెదుటా ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. నిరుడు మిన్నెసోటాలో వాడి యింట ఆరునెలలు ఉండి వచ్చాక ఆ సిగ్గు పోయింది. యెలా పోయిందో చెప్పాలంటే ముందు మా యింటి గుట్టు ఒకటి విప్పాలి.

మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బళ్ళో అరవం. నాకు పదేళ్ళప్పుడు మా కర్రావుకు గాలికుంటు తగిలింది. అరవంలో కోమారి అంటారు. నోట్లో పుళ్ళు, గిట్టల సందున పుళ్ళు, తీగలు తీగలుగా చొంగ. సంగతి తెలిస్తే మా యింటి పాలు యెవరూ పోయించుకోరని మా నాయన భయం. "బయట అనకండి" అని మా అందరి నోళ్ళూ కట్టేశాడు. తెల్లవారకముందే ఆవును ఊరి తొట్టి దగ్గరకు తోలి నీళ్ళు తాపి తెచ్చేవాడు. వారం పదిరోజుల్లో వీధిలో సగం కొట్టాల్లో అదే జబ్బు. మా ఆవు తేరుకుంది. ఎదురింటి పెద్దమ్మ దూడ చచ్చిపోయింది. ఆమె మా గుమ్మంలో నిలబడి, "ఒక్క మాట చెప్పివుంటే నా దూడను ఆ తొట్టి దగ్గరకు తోలేదాన్నా తల్లీ?" అని మా అమ్మను అడిగింది. అమ్మ తల వంచుకుంది. తలుపు చాటున నేనూ ఉన్నాను.

ఇక మిన్నెసోటా సంగతి. మావాడుండే వైపు కనుచూపుమేర మొక్కజొన్న, సోయా చేలే. నడుమ నడుమ పొడుగాటి కొట్టాలు, ఒక్కొక్కచోట వేల పందులు. "ఒకసారి చూపించరా" అంటే, "లోపలికి రానివ్వరమ్మా" అన్నాడు. వాడు సైతం గుమ్మంలోనే బట్టలన్నీ విడిచి, తలకు పోసుకుని, అక్కడి బట్టలు కట్టుకున్నాకే లోపల అడుగుపెట్టాలట. మా అత్తగారి మడి నలభైయేళ్ళు చూసినదాన్ని. ఈ మడి ముందు అది యేపాటి అనిపించింది.

ఇంత మడి యెందుకయ్యా అంటే, పి.ఆర్.ఆర్.ఎస్. అనే వైరస్ జబ్బు. మనుషులకు అంటదు. 1980ల చివర అమెరికాలో బయటపడినప్పుడు యేమిటో తెలియక 'అంతుపట్టని పందిజబ్బు' అన్నారట. చూలుపందులు ఈసుకుపోతాయి, పిల్లలకు ఊపిరాడదు. 2013లో వెలువడిన అంచనా ప్రకారం ఆ దేశంలో దీనివల్ల యేటా 66 కోట్ల డాలర్లకు పైగా నష్టం. బండి చక్రాలకు అంటుకుని వస్తుంది, బూట్లకు అంటుకుని వస్తుంది, కొత్తగా కొన్న పందులతో వస్తుంది. గాలిలో తొమ్మిది కిలోమీటర్లు కూడా పోగలదని మిన్నెసోటాలోనే 2010లో తేల్చారు. అలాంటప్పుడు మన గుమ్మంలో యెంత మడి కట్టుకున్నా, పొరుగు కొట్టంలో యేమున్నదో తెలియకపోతే యేం ప్రయోజనం?

పొరుగువాడు చెప్పడు గదా! అక్కడి రైతులూ మా నాయనలాంటివాళ్ళే. జబ్బు సంగతి పొక్కితే సరుకు పోదని భయం. అయినా 2004లో ఆ రాష్ట్రంలోని స్టీవెన్స్ కౌంటీలో కొందరు రైతులు, మా మందల పరిస్థితి ఇరుగుపొరుగుకు తెలియజేయవచ్చునని సమ్మతించారు. 2011లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్ట్ మారిసన్ ఆ పనిని దేశానికంతకూ పెద్దది చేశాడు. ఇష్టమైనవారే చేరతారు. ప్రతి వారమూ తమ ఆడపందుల మందల స్థితి పంపుతారు: జబ్బు కొత్తగా వచ్చిందా, ఉండీ అణిగి ఉన్నదా, పోయినట్టున్నదా, అసలే లేదా. విశ్వవిద్యాలయం అన్నీ కూడి, వారం వారం చేరినవారికి తిరిగి పంపుతుంది. ఇప్పుడు ఆ దేశపు ఆడపందుల్లో పెద్ద భాగం ఈ లెక్కలోకి వస్తున్నాయి.

ఆ లెక్క వల్ల యేం తెలిసిందంటే, జబ్బు యేటా ఆకురాలే కాలంలో పైకి లేస్తుంది. గీత లేవటం కనబడగానే రైతు కొత్త పందులను తేవటం వాయిదా వేస్తాడు, బండ్లను మరో దారిన తిప్పుతాడు, పనివాళ్ళను హెచ్చరిస్తాడు. 2013 వసంతంలో పి.ఇ.డి. అనే విరేచనాల జబ్బు ఆ దేశంలో మొట్టమొదటిసారి అడుగుపెట్టింది. అది సోకిన కొట్టంలో వారంలోపు పిల్లలు దాదాపు ఒక్కటీ మిగలలేదు. యేడాదిలో 70 లక్షల పిల్లలు పోయాయని అంచనా. అప్పుడు ఆ కబురు కూడా ఈ దారిమీదనే నడిచింది. దారి ముందే వేసి ఉండటం యెంత మేలైంది! సర్కారు ఆ జబ్బు సంగతి తప్పక తెలపాలని ఉత్తర్వు వేసింది 2014 జూన్‌లో.

"ఒరే, చెప్పినవాడి పందులు యెవరూ కొనరుగదా, మరి యెందుకు చెబుతాడు?" అని అడిగాను.

"అందుకే అమ్మా, పేరు బయటికి పోదు. చెప్పినందుకు ఒకడు నష్టపోయాడంటే రెండోవాడు నోరు విప్పడు. లెక్క కట్టటం సులువే. నమ్మకం నిలబెట్టటమే కష్టం" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయన చెడ్డవాడని ఇన్నేళ్ళూ లోలోపల అనుకున్నాను. పాలవాడుక పోకుండా ఆ మాట చెప్పుకోగల చోటు మా ఊళ్ళో ఒక్కటైనా ఉందా? అది లేకనే దాచాడు. అలాగని తప్పు తప్పు కాకపోదు.

ఆ లెక్క జబ్బును తరిమివేసిందని అనను. అది ఇప్పటికీ ఉంది. 2017లో మారిసన్ రోడ్డు ప్రమాదంలో పోయినా ఆయన పేరుమీద పని సాగుతూనే ఉంది. మన దేశానికి 2020లో ఆఫ్రికా పందిజ్వరం వచ్చింది. మొదట అస్సాంలో, అరుణాచల్‌లో కనబడింది. దానికి చికిత్స లేదు. రెండు మూడు పందులే ఆస్తిగా ఉన్న యిల్లాలు "నా పందికి జ్వరం" అని ముందుగా చెప్పాలంటే, చెప్పినందుకు ఆమె చెడిపోదన్న భరోసా మనం ఇవ్వాలిగదా!

ఊరికి తిరిగివచ్చాక పెద్దమ్మ కూతురి యింటికి వెళ్ళాను. పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. తొట్టి సంగతి మొదటినుంచి చెప్పి, తప్పు మాదే అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాకు అప్పుడే తెలుసక్కా. మా అమ్మ ఉండగా ఒక్కసారి వచ్చి చెప్పివుంటే బాగుండేది" అని కాఫీ కలపటానికి లేచింది.

ఇప్పుడు అడిగినవారికి దాచటం లేదు. మా పెద్దవాడు పందుల డాక్టరండీ.