సంక్రాంతి తేదీ

మన పండుగలలో అధికభాగము చంద్రుని వృద్ధిక్షయముల ననుసరించి, ఆంగ్ల తేదీలయందు ఏటేటా ముందువెనుకలగుచుండగా, సంక్రాంతి మాత్రము సూర్యుడు మకరరాశి ప్రవేశించు వేళను అనుసరించి జనవరి 14, 15 తేదీల చెంతనే నిలిచియుండుట నాకెల్లప్పుడును ఆనందము గొల్పు విషయము. అయితే ఆ నిలుకడయందును ఒక మందగమనము కలదు. భూమి అక్షము సుమారు 26,000 సంవత్సరములకొక పరిభ్రమణము పూర్తిచేయు అయనచలనము వలన, ఈ పండుగ రమారమి 72 ఏండ్లకొక దినము చొప్పున ఆలస్యమగుచున్నది. దాదాపు 1,700 సంవత్సరములకు పూర్వము ఉత్తరాయణారంభమును మకరసంక్రమణమును కలిసియే వచ్చెడివి. నేడు సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 21, 22 తేదీలకే జరిగిపోవుచున్నది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ అంతరమును శ్రద్ధతో పరిశీలించినది.

ఖగోళగణితమునకు గల గౌరవము దానికుండనిండు. మా యింట ఈ పండుగను నిలిపినది ధాన్యము ఇల్లుచేరిన సంతృప్తియు, స్త్రీల హస్తకౌశలమును. తడిబియ్యపు పిండిని బెల్లపు పాకమున కలిపి అరిసెలు వండుటలో పాకము ముదురకుండ, లేతగానుండకుండ దింపవలసిన ఆ క్షణమును మా అమ్మమ్మ ఏ పుస్తకమునందును చదువలేదు. తన అత్తగారి ప్రక్కన నిలిచి నేర్చెను. భోగినాటి సాయంకాలము పసివాని శిరస్సుపై రేగుపండ్లను, చెరకుముక్కలను, నాణెములను పోయుచు ముత్తైదువలు దీవించునప్పుడు, వ్రాయబడని చరిత్ర యొకటి తరమునుండి తరమునకు అందుచున్నదని నా దృఢవిశ్వాసము.

కావున మిత్రులారా, ఈ పండుగకు మీ యింటి పెద్దలనడిగి వారి చిన్ననాటి సంక్రాంతిని వ్రాసియుంచుడు. అది మీ సంతతికి మీరొసగు అమూల్యమైన ఆస్తి.