అటిలాను ఆపింది ఎవరు?

పోయిన సెమ్‌లో మన క్లబ్ వక్తృత్వ పోటీలో నేను పోప్ లియో గురించి మాట్లాడాను. 452లో హూణుల రాజు అటిలా ఇటలీ మీద పడితే, కత్తి లేకుండా ఒక్కడే ఎదురెళ్లి వెనక్కి పంపాడని గొంతు పెంచి చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అప్పుడో జూనియర్ లేచి, "అన్నా, మూడేళ్లకే వాండల్స్ రోమ్‌ని దోచుకున్నారు కదా, మరి అప్పుడేం చేశాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. టైమైపోయిందని చెప్పి దిగిపోయాను.

ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టా. ముందు తేలిందేంటంటే, ఆయన ఒక్కడే వెళ్లలేదు. మాజీ కాన్సల్ అవియెనస్, మాజీ ప్రిఫెక్ట్ ట్రిగెటియస్ కూడా వెళ్లారు. పైగా అటిలా సైన్యంలో అప్పటికే ఆకలి, రోగాలు. తూర్పు చక్రవర్తి మార్షియన్ దళాలు ఇంకోవైపు నుంచి కొడుతున్నాయి. వాటికన్‌లోని రఫాయెల్ బొమ్మలో మాత్రం ఆకాశంలో కత్తులు పట్టుకున్న పేతురు, పౌలు ఉంటారు. నేను మైకులో చెప్పింది ఆ బొమ్మనే!

ఇంకా ఆసక్తిగా అనిపించింది 451 నాటి చాల్సెడన్ సభ. క్రీస్తుది ఒకే స్వభావమా, దైవం, మానవం అని రెండా అన్నది గొడవ. దీని మీద లియో రాసిన ఉత్తరాన్ని 449లో ఎఫెసస్ సభ చదవనే లేదు. ఆయన మండిపడి దాన్ని దొంగల సభ అన్నాడు. చాల్సెడన్‌లో చదివారు, లియో నోట పేతురే పలికాడని కేకలు వేశారు. అయినా ఇల్లిరికం, పాలస్తీనా బిషప్పులు కొన్ని వాక్యాల దగ్గర ఆగి అనుమానాలు అడిగారు. సరిచూసుకోడానికి ఐదు రోజుల గడువిచ్చారు. (పేతురు పలికినా ప్రూఫ్ చూడాల్సిందే, మన ఎడిటర్లలాగే.) అదే సభ, కొత్త రాజధాని గనక కాన్‌స్టాంటినోపుల్‌కి కూడా రోమ్‌తో సమాన గౌరవం అంది. లియో ఒప్పుకోలేదు. తన అధికారం ఊరి హోదాతో వచ్చింది కాదు, పేతురు నుంచి వచ్చిందని ఆయన పట్టు. రాజ్యం కూలిపోతున్న ఊళ్లో కూర్చుని ఇంకేమంటాడు?

ఇక జూనియర్ ప్రశ్న. 455లో చక్రవర్తి వాలెంటీనియన్‌ని చంపేశారు. తర్వాతి చక్రవర్తి పారిపోబోయి జనం చేతిలో చచ్చాడు. వాండల్స్ రాజు గైసెరిక్ వచ్చేసరికి ఎదురెళ్లింది మళ్లీ లియోనే. తగలబెట్టొద్దు, చంపొద్దు అని బతిమాలాడు. దోపిడీ పద్నాలుగు రోజులు సాగింది. చాలామందిని బందీలుగా పట్టుకుపోయారు. తర్వాత చర్చిల్లో పాత్రలు లేకపోతే, కాన్‌స్టాంటైన్ ఇచ్చిన ఆరు వెండి జాడీలు కరిగించి చేయించాడని పోపుల పాత చరిత్రలో ఉంది.

ఇదంతా టైప్ చేసి ఆ అమ్మాయికి పంపాను. "మరి ఆ ప్రైజ్ ఏం చేశావన్నా?" అని రిప్లై వచ్చింది.

ఇంకా నా షెల్ఫ్‌లోనే ఉంది.