కడియంలో కత్తి పట్టిన చేతులు

వేమగిరి దాటి రావులపాలెం వైపు వెళ్తుంటే జాతీయ రహదారికి రెండు పక్కలా నర్సరీలు మొదలవుతాయి. నల్ల పాలిథిన్ సంచుల్లో మొక్కలు, కుండీల వరసలు, లారీలకెక్కుతున్న కొబ్బరి పిల్లలు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, వీరవరం... ఈ ఊళ్లన్నిటికీ మొక్కే జీవనం. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలకు మళ్లించిన గోదావరి నీరూ, ఒండ్రు నేలా కలిసి ఈ సీమను దేశానికి మొక్కలు పంపే చోటుగా నిలబెట్టాయి. ఇక్కడికి వచ్చేవాళ్లంతా మొక్కల్ని చూస్తారు. నేను పనిముట్లు చూడ్డానికి వెళ్లాను. పొద్దస్తమానం మొక్కలతో గడిపేవాళ్ల చేతుల్లో ఏముంటాయి, వాటిలో మన పెరటికీ మేడ మీది కుండీలకూ ఏవి అక్కరకొస్తాయి అన్నది నా కుతూహలం.

మొదట తెలిసొచ్చేది, ఇక్కడ పనిముట్లు చాలా తక్కువని. సంచులు నింపే షెడ్డులో మట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన గుట్ట చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గుట్టను కలపడానికి ఒక పార, మోయడానికి గమేళాలు, సంచిలోకి తోడడానికి కోసిన ప్లాస్టిక్ డబ్బా. కలుపు తీయడానికి బొరిగె. నీళ్లకు రోజ్ క్యాన్, గొట్టం. కొమ్మలకు కటింగ్ కత్తెర, అంట్లకు కత్తి. అంతే. అదే రోడ్డు పక్క దుకాణంలో పది రంగురంగుల పనిముట్లు ప్లాస్టిక్ పెట్టెలో సర్ది అమ్ముతున్నారు. వాటిలో చేతిపారను నాలుగు వేళ్లతో నొక్కితే మెడ దగ్గర వంగింది. రేకును పిడికి గుచ్చి వదిలేసిన సరుకు అది. డెల్టా బంకమట్టి ఎండితే గట్టిపడుతుంది, దాని ముందు ఆ రేకు ఆగదు. ఒకే ఇనుప ముక్క నుంచి సాగదీసిన బొరిగె కొనుక్కుంటే ఆ పెట్టెలో సగం వస్తువుల పని అదొక్కటే చేస్తుంది.

ఎక్కువసేపు నిలబెట్టేసింది మాత్రం అంట్లు కట్టే చోటు. గులాబీకి మొగ్గ అంటు, జామకూ దానిమ్మకూ నిమ్మకూ గూటీ అంటు, మామిడికి ఒరుపు అంటు, చిగురు అంటు. అన్నిటికీ ఆధారం కత్తి. వంటింటి కత్తికి రెండు వైపులా వాలు ఉంటుంది. మంచి అంటుకత్తికి ఒక వైపే వాలు, రెండో వైపు పలక చదును. ఆ చదును వైపు కర్రకు ఆనించి లాగితే కోత అద్దంలా వస్తుంది. కోత అలా రావడం ఎందుకంత ముఖ్యమంటే, బెరడుకూ కర్రకూ మధ్య పెరిగే పొర ఒకటుంది, చాలా పలచనిది. అంటు అతుక్కునేది దాని వల్లే. మొద్దు కత్తి ఆ పొరను నలిపేస్తుంది, పైన ఎంత బిగించి కట్టినా లోపల కలవదు. ఒకవైపు వాలు కత్తిలో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం వేరు. ఎడమచేత్తో పనిచేసేవాళ్లు ఈ సంగతి అడిగి మరీ కొనాలి, లేదంటే కోత ప్రతిసారీ లోపలికి దిగిపోతుంది.

మొగ్గ అంటు కత్తికి ఇంకో చిన్న అవయవం ఉంటుంది. అలుగు వెనకో, పిడి చివరో మొండి నాలుక. బెరడును టీ అక్షరంలా చీల్చాక దాన్ని పైకి లేపడానికి అది. పదునైన అంచుతోనే బెరడు లేపితే లోపలి పొర గీసుకుపోతుంది. నేను చూసిన పెద్దాయన బొటనవేలికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని, మాట్లాడుతూనే ఒకదాని తర్వాత ఒకటి కట్టేస్తున్నాడు. "కత్తి కొత్తదేనా?" అంటే, "ఆయ్, చాలా ఏళ్ల నాటిదండి. కత్తి కాదండి, నూరడం రావాలి" అన్నాడు. పక్కనే తడిపిన నూరుడు రాయి ఉంది. కాసిని అంట్లు కట్టగానే నాలుగు లాగులు, మళ్లీ పని. జబ్బు అనుమానం ఉన్న మొక్క ముట్టుకుంటే అలుగును స్పిరిటుతో తుడుస్తాడు. గూటీ అంటుకు వేలి వెడల్పున బెరడు వలిచి, తడి నాచు చుట్టి, పాలిథిన్‌తో కట్టడానికి కూడా అదే కత్తి. ఇంట్లో ఒక జామచెట్టు ఉన్నవాళ్లెవరైనా వానాకాలంలో ఈ పని నేర్చుకోవచ్చు. నెలా నెలన్నరకల్లా వేర్లు పాలిథిన్‌లోంచి కనిపిస్తాయి.

కత్తికి పాత రోజుల నుంచీ మరో ఉపయోగం ఉంది. తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమం కలిపాక మెరుస్తున్న ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీస్తారు. అలుగుకు ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త కలపాలి. ఒక శాతం మిశ్రమానికి వంద లీటర్ల నీళ్లలో కిలో మైలుతుత్తం, కిలో సున్నం. పెరటికి పది లీటర్లు చాలు గనక వంద గ్రాములు, వంద గ్రాములు. కలిపేది ప్లాస్టిక్ బకెట్లో, ఇనుప పాత్రలో వద్దు.

కటింగ్ కత్తెరలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో రెండు అలుగులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతాయి. రెండోదానిలో పదునైన అలుగు చదునైన పలక మీద పడుతుంది. పచ్చి కొమ్మకు మొదటిదే వాడాలి, రెండోది నలిపేస్తుంది, ఎండు పుల్లలకు ఉంచుకోండి. స్విట్జర్లాండులో ఫెల్కో సంస్థ 1948లో తెచ్చిన రెండో నంబరు కత్తెరను ప్రతి భాగమూ విప్పి మార్చుకునేలా తయారుచేసింది, ఇప్పటికీ తోటపనివాళ్లు దాన్నే కొలబద్దగా చూస్తారు. అంత ఖరీదు పెట్టనక్కర్లేదు గానీ ఆ లక్షణం మాత్రం వెతకండి. నడిమి బోల్టు విప్పడానికి వీలుందా, స్ప్రింగు విడిగా దొరుకుతుందా అని దుకాణంలోనే అడగాలి. వేలి లావు దాటిన కొమ్మను కత్తెరతో మెలిపెట్టొద్దు, లాగితే కోసే చిన్న మడత రంపం తీసుకోండి. కోసేటప్పుడు సన్నటి పదును అలుగు చెట్టున మిగిలే కొమ్మ వైపుండాలి, మొండి కొక్కెం పారేసే ముక్క వైపు.

కొలతలో ఒక అన్యాయం ఉంది. ఈ పనుల్లో కనిపించేది ఎక్కువగా ఆడవాళ్లు, పనిముట్ల పిడులేమో మగచేతి కొలతకు చేసినవి. "పెద్ద కత్తెరయితే సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుందండి" అని ఒకావిడ వేళ్లు చాపి చూపించింది. కత్తెర పూర్తిగా తెరిచినప్పుడు పిడి రెండు కొసలూ మన వేళ్లలో హాయిగా ఇమడాలి. పార కామ పొట్టిదైతే నడుం వంగుతుంది. కడియంలో శ్రీ సత్యనారాయణ నర్సరీతో పేరు పొందిన పల్ల వెంకన్నకు చిన్నప్పటి నుంచీ కాళ్లు సహకరించలేదు, అయినా దేశం నలుమూలల మొక్కలూ ఈ నేలకు తెచ్చారు. ఆయన్ని తలచుకుంటే నాకు అనిపించేది ఇది: తోటను మన ఒంటికి తగ్గట్టు అమర్చుకోవాలి. మోకాళ్లు వంగని అమ్మమ్మకు నడుమెత్తు బల్ల మీద కుండీలు, బరువెత్తలేని తాతగారికి చక్రాల పలక. ఇవి సోకులు కావు, తోటను నిలబెట్టే ఏర్పాట్లు.

ఇక ఎలక్ట్రానిక్ సరుకు. మట్టిలో రెండు పుల్లలు గుచ్చితే తేమ చెప్పే చౌక మీటర్లు విద్యుత్తు ఎంత పారుతుందో చూసి అంచనా కడతాయి. ఎరువు ఎక్కువైనా, నీళ్లలో ఉప్పు ఉన్నా తేమ ఎక్కువున్నట్టే చూపిస్తాయి. తీరం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పుగా ఉండే చోట వాటిని నమ్మడానికి లేదు. రెండు కణుపుల లోతు వేలు గుచ్చి చూడటమే మేలు. నీటి టైమరు మాత్రం ఊరెళ్లేవాళ్లకు నిజంగా ఉపకారం. ఒక చిక్కుంది. పది మీటర్ల ఎత్తు నుంచి నీరు దిగితేనే ఒక బార్ ఒత్తిడి. మేడ మీది ట్యాంకు కుండీల కంటే మీటరో రెండో ఎత్తున ఉంటుంది గనక వచ్చేది అందులో పదో వంతు, అయిదో వంతు. అయస్కాంతంతో తెరుచుకునే వాల్వులు ఆ ఒత్తిడికి సరిగా పనిచెయ్యవు. లోపల బంతి తిరిగే రకం పనిచేస్తుంది. కొనేముందు డబ్బా మీద కనీస ఒత్తిడి ఎంతో చదవండి. డ్రిప్ పెడితే ముందు జల్లెడ ఫిల్టరు తప్పనిసరి, నెలకోసారి కడగాలి.

స్ప్రేయరు పెరటికి రెండు లీటర్లది చాలు. కలుపుమందు వాడిన స్ప్రేయరును కూరమొక్కల దగ్గరికి రానివ్వకండి. 2,4-డి లాంటి మందు అడుగున కాస్త మిగిలినా టమాటా ఆకులు ముడుచుకుపోతాయి.

కోనసీమ వైపు దొడ్లలో పనిముట్ల సమస్య పైకి, కొబ్బరిచెట్టు మొవ్వులోకి వెళ్తుంది. దింపు కార్మికులు దొరకడం కష్టమవుతోంది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి యువతకు చెట్టెక్కే యంత్రాల మీద శిక్షణ ఇస్తోంది. ఆ యంత్రం కొనాలనుకునేవాళ్లు శిక్షణ, నడుం బెల్టు రెండూ లేకుండా చెట్టు ముట్టుకోవద్దని నా విన్నపం.

కొన్నది నిలవాలంటే కాపాడుకోవాలి. గోదావరి గాలిలో తేమకు కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. మట్టి కడిగి, తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రుద్ది వేలాడదీస్తే ఏళ్లు వస్తుంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గానీ, చౌకరకం పదును నిలపదు. బొరిగెకూ పారకూ ఆకురాయి చాలు. కొడవలికి కక్కు కొట్టించాలంటే, పారకు కొత్త తుమ్మ కామ వేయించాలంటే కమ్మరి దగ్గరికే వెళ్లాలి. కొలిమి ఇంకా వెలుగుతున్న ఊళ్లో ఉన్నవాళ్లు ఆ పని అక్కడే చేయించండి, అతని కొలిమి ఆరిపోతే మనకు దుకాణపు రేకులే మిగుల్తాయి.

మొదటిసారి తోట పెట్టేవాళ్లు ఒక బొరిగె, ఒక మంచి కత్తెర, ఒక రోజ్ క్యాన్‌తో మొదలుపెట్టి, డబ్బులో సగం కత్తెర మీదే పెట్టండి. అంటుకత్తి తర్వాత సంగతి, అది కొనేముందు మాత్రం కడియం వెళ్లండి. వానలు పడ్డాక అంట్లు కట్టే పని జోరుగా ఉంటుంది. అడిగితే చూపిస్తారు, కూర్చోబెట్టి నేర్పుతారు కూడా.