అపవాది పని ఎవరు చేయుచున్నారు?

మండపేట చుట్టుప్రక్కల పల్లెలలో ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము తరచుగా విను మాట ఇది: "అయ్యగారండీ, పిల్లకి దెయ్యం పట్టిందండి. ఆ పక్కింటి ముసలమ్మే ఏదో చేసుంటాదండి."

సాతాను లేడని మేము చెప్పుట లేదు. అయితే వాడెవడో వాక్యమందే వెదకవలెను. సాతాను అను హెబ్రీ మాటకు విరోధి అని అర్థము. డయాబొలొస్ అను గ్రీకు మాటకు కొండెగాడు అని అర్థము. అందుచేతనే మన తెలుగు బైబిలులో వాడు 'అపవాది'. సహోదరులమీద నేరము మోపుటయే వాని పని అని ప్రకటన 12:10 తెలుపుచున్నది. మేక డెక్కలు చిత్రకారుల కల్పన. వాని అసలు గుర్తు నింద.

మత్తయి 4:24లో దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు. కాబట్టి ప్రతి మూర్ఛయు దయ్యము కాదు. మూర్ఛ మెదడుకు వచ్చు వ్యాధి. క్రమముగా మందులు వాడినచో చాలమందికి అదుపులోనికి వచ్చును. ప్రార్థన మానవద్దు, మందు ఆపవద్దు. లూకా వైద్యుడే గదా (కొలొస్సయి 4:14)!

మరి ఆ ముసలమ్మ మాటేమి? చేతబడి నింద పడిన మనిషి గడప ఎవరును తొక్కరు. మన తెలుగు నేలపై అట్టి నిందతో కొట్టి చంపబడినవారును ఉన్నారు. అక్కడ అపవాది పని చేసినది ఎవరు? మన ప్రభువును సహితము దయ్యము పట్టినవాడనిరి (యోహాను 10:20).

పిల్లకొరకు ప్రార్థించి ఆసుపత్రికి తీసికొని పోవుదము. ఆదివారము ఆ ముసలమ్మకు కూర పట్టుకొని వెళ్లుదము. ప్రభువు మన నాలుకలను కాచును గాక. ఆమేన్.