బిళ్ల చుట్టూ ఖాళీ

నంద్యాలలో చిన్న ల్యాబ్ అది. పొద్దున నేను వెళ్లేసరికి టెక్నీషియనమ్మ ఇంక్యుబేటర్లోంచి ముందురోజు ప్లేట్లు తీస్తోంది. ఒకదాన్ని వెలుతురుకెత్తి చూపించింది. లేత గోధుమరంగు అగర్ మీద మంచు పట్టినట్టు పల్చటి పొర. అదంతా ఈ.కొలై అనే సూక్ష్మజీవి. ఆళ్లగడ్డ వైపు నుంచి మూత్రంలో మంటతో వచ్చిన ఒకావిడ శాంపిల్లోంచి పెరిగింది. పొర మీద ఆరు తెల్లటి కాగితపు బిళ్లలు, ఒక్కోదానిలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ పడుతుంది. ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పెట్టి కొలుస్తారు.

"నైట్రోఫ్యురంటాయిన్‌కు బాగా వచ్చింది సార్. ఆంపిసిలిన్, సిప్రో చూడండి, బిళ్ల అంచు దాకా పాకేసింది."

సూక్ష్మజీవి మందుకు అలవాటు పడుతుందని అనుకుంటాం. జరిగేది వేరు. అన్నీ కలిసొస్తే ఈ.కొలై ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. కోట్లలో ఏ ఒక్కదానికో జన్యువు నకలు దిగేటప్పుడు పొరపాటు దొర్లి, సిప్రో దెబ్బ తీయాల్సిన ఎంజైము ఆకారం కాస్త మారుతుంది. మందు పడగానే మిగతావి చస్తాయి. ఆ ఒక్కటి మిగిలి, ఖాళీ అయిన చోటంతా తన సంతానంతో నింపేస్తుంది. పత్తిచేలో ఏళ్లతరబడి ఒకే పురుగుమందు కొట్టిన రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నన్ను ఎక్కువ భయపెట్టింది ప్లాస్మిడ్. చిన్న డీఎన్ఏ చుట్ట. అందులో నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు ఒకేచోట ఉండొచ్చు. దాని నకలును ఒక సూక్ష్మజీవి పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికి కూడా అందించేస్తుంది.

సాయంత్రం ఆళ్లగడ్డలో, ఓ మందుల షాపు ముందు నిలబడ్డాను.

"జలుబప్పా. పోయినసారి ఇచ్చినవే నాలుగియ్యి" అన్నాడొకాయన.

షాపతను అమాక్సిసిలిన్ స్ట్రిప్పు తీసి నాలుగు కత్తిరించాడు. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని 2016లో కేంద్రం ప్రచారం చేసిన ఎర్రగీత ఆ ముక్క మీద కూడా ఉంది. జలుబు వైరస్ వల్ల వచ్చేది, ఈ మందు దాన్నేమీ చేయలేదు. చేసేదంతా ఒంట్లో ఉన్న ఈ.కొలై లాంటి సూక్ష్మజీవుల మీదే. పెన్సిలిన్‌ను ఎవరైనా కొట్లో కొనుక్కునే రోజొస్తే చాలీచాలని మోతాదులతో సూక్ష్మజీవులను మొండివి చేస్తారని, దాన్ని కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు.

మందు కొన్నాయన్ను ఆపి, పొద్దున చూసిన ప్లేటు గురించి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు చెప్పేది నిజమే సార్. డాక్టరు దగ్గరికి పోతే ఒక పొద్దు కూలి పోతాది" అంటూ ఆ నాలుగూ చొక్కా జేబులో వేసుకున్నాడు.