బడి వాస్తు

పూర్వం ఇల్లు కొనేవాళ్ళు దిక్కులు చూసేవాళ్ళు. ఈశాన్యం పెరిగిందా, వీధిపోటుందా, నుయ్యి ఏ మూలనుంది, వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా అని సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని తిరిగేవాళ్ళు. ఇప్పుడూ చూస్తున్నారనుకోండి. కానీ ఉన్న ఎనిమిది దిక్కులకీ తోడు తొమ్మిదో దిక్కొకటి వచ్చి చేరింది. అదే బడి! తూర్పు వాకిలి కాకపోయినా సర్దుకుపోతాంగానీ, స్కూలు బస్సు మన వీధిలోకి రాదంటే మాత్రం ఆ ఇల్లు మనకొద్దంటున్నారు. సిద్ధాంతిగారు చెప్పిన దోషానికి శాంతి ఉంది. బడి దోషానికి ఏ శాంతీ లేదు.

పేరంటాల్లో నలుగురాడవాళ్ళం చేరినప్పుడు చూడండి. "ఎక్కడ కొన్నారూ?" అన్న ప్రశ్న వెనకాలే "అక్కడ స్కూళ్ళు బాగుంటాయా?" అన్న ప్రశ్న వస్తుంది. నీళ్ళొస్తాయా అన్నది మూడో ప్రశ్న. మరీ ఎండలు ముదిరితే తప్ప అది రెండో స్థానానికి రాదు.

ఈమధ్య మా చిన్నాడపడుచు హైదరాబాదులో ఫ్లాటు కొనే ప్రయత్నంలో పడింది. ఇంట్లో మనుషులు అయిదుగురు. భార్యా, భర్తా, అత్తగారూ, ఆరేళ్ళ పిల్ల, మూడేళ్ళ పిల్లాడూను. ఉన్న డబ్బు ఒక్క ఇంటికే సరిపోతుంది. కోరికలు మాత్రం మూడిళ్ళకు సరిపడా ఉన్నాయి. అన్నయ్యగారి ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఆవిడ ఉద్యోగం నాంపల్లిలో. పిల్ల చదవాలని ఆయన ముచ్చటపడిన బడి నార్సింగి దాటాక. ఇక వాళ్ళ అత్తగారు, నాకు పిన్నిగారి వరస, "నడిచి వెళ్ళేంత దూరంలో ఓ గుడీ, ఓ మందుల షాపూ ఉంటే చాలమ్మా" అని ఊరుకున్నారు. ఆవిడ అడిగినదే అన్నిటికన్నా చిన్నది. అంచేత దాన్నెవరూ లెక్కలో వేసుకోలేదు.

తోడు రమ్మంటే నేనూ నాలుగు ఆదివారాలు వాళ్ళతో తిరిగాను. కొంపల్లి వైపు అదే డబ్బుకి ఓ గది ఎక్కువొస్తుంది. కానీ అక్కణ్ణించి ఆ బడికి బస్సులో గంటంబావు. నార్సింగి వైపు తీసుకుంటే బడీ, ఆయన ఆఫీసూ దగ్గరే. కానీ నాంపల్లి వెళ్ళి వచ్చేసరికి ఆవిడకి రోజూ మూడు గంటలు దారిలోనే పోతాయి. మియాపూరులో అయితే మెట్రో ఎక్కి కూచుంటే మారకుండా నాంపల్లిలో దిగొచ్చు. కానీ ముచ్చటపడిన బడి దూరం.

వెళ్ళిన ప్రతిచోటా రంగురంగుల కాయితాలు చేతిలో పెట్టారు. వాటినిండా నిమిషాలే. "స్కూలుకు అయిదు నిమిషాలు! ఆస్పత్రికి ఏడు నిమిషాలు! విమానాశ్రయానికి ఇరవై అయిదు నిమిషాలు!" ఆ నిమిషాలు ఏ గడియారంలోవో మాత్రం ఎవరూ చెప్పరు. ఆదివారం తెల్లవారుఝామున మూడింటికి కొలిచి ఉంటారని మా ఆడపడుచు అనుమానం. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆ అయిదు నిమిషాల్లో మన కారు పక్క కారుని దాటితే గొప్ప.

ఇంటికొచ్చాక ఆవిడ పిల్ల రఫ్ నోట్సులో ఓ లెక్క వేసి చూపించింది. కొంపల్లి నించి బడికి వెళ్ళడం గంటంబావు, రావడం గంటంబావు. రోజుకి రెండున్నర గంటలు. ఒకటి నించి అయిదో తరగతిదాకా ఏడాదికి కనీసం 200 రోజులు బడి నడవాలనీ, 800 గంటలు పాఠం జరగాలనీ 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం చెబుతోంది. అంటే 800 గంటల చదువుకి 500 గంటల బస్సు! పిల్ల చదివేది మూడో తరగతో, బస్సు రూట్లో అర్థంకాని పరిస్థితి.

ఇంకో లెక్క నేను వేశాను. పిల్లకి ఆరేళ్ళు. పదో క్లాసయ్యేసరికి పదహారు. బడి పదేళ్ళు, బాకీ ఇరవయ్యేళ్ళు. బడి కోసం ఇల్లు కొంటే, బడి అయిపోయాక పదేళ్ళపాటు ఆ బడి తాలూకు వాయిదాలు కడుతూ కూచోవాలి. "మరి ఆ బడి బాగుందని ఎలా తెలిసింది అన్నయ్యగారూ?" అంటే, "ర్యాంకులు చూశాం కదమ్మా" అన్నారు.

ర్యాంకుల సంగతి కొంచెం ఆలోచించాల్సిందే. 1966లో జేమ్స్ కోల్మన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా బడుల్ని గాలించి ఓ పెద్ద నివేదిక ఇచ్చాడు. పిల్లల మార్కుల్లో తేడాలకి బడి భవనాలకన్నా, బడి ఖర్చుకన్నా, పిల్లలు వచ్చిన ఇళ్ళే పెద్ద కారణమన్నది దాని సారాంశం. ఏరి కోరి చదువుకున్నవాళ్ళ పిల్లల్ని చేర్చుకుని, సాయంత్రం ఇంటి దగ్గర తల్లి చెప్పిన చదువుని కూడా తన ఖాతాలో వేసుకునే బడికి ర్యాంకు రాక ఏమౌతుంది? అందుకని బడి గోడమీది ర్యాంకుల బోర్డు చూడకండి. బడి విడిచే వేళకి గేటు దగ్గర నిలబడండి. బయటికొచ్చే పిల్లల మొహాలు చూడండి. ఏ తల్లినయినా బతిమాలి మూడో తరగతి నోటుపుస్తకం తెరిచి, తప్పులు ఎవరైనా దిద్దారో లేదో చూడండి. టీచర్లు ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారో అడగండి. ఏడాదికో టీచరు మారే బడికి ఎంత స్విమ్మింగ్ పూలుంటే ఏం లాభం?

మన దగ్గర నయం, ఇల్లెక్కడున్నా ఫీజు కట్టగలిగితే బడి దొరుకుతుంది. మా పిన్ని కూతురు టెక్సాసులో డల్లస్ దగ్గర ఉంటుంది. అక్కడ ప్రభుత్వ బడిలో సీటుని చాలామటుకు ఇంటి చిరునామాయే నిర్ణయిస్తుంది. మ్యాపు మీద గీతలుంటాయి. గీతకి ఇటుంటే ఈ బడి, అటుంటే ఆ బడి. అంచేత ఇల్లు కొనేవాళ్ళు ముందు గీతలు చూసుకుంటారు. మన తెలుగువాళ్ళు మరీను! వంటింట్లో పోపు ఘాటు బయటికి పోయే దారుందా అన్నది తరవాత సంగతి. 1999లో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికశాస్త్రవేత్త మసాచుసెట్స్‌లో సరిగ్గా ఆ గీతలకి రెండువైపులా ఉన్న ఇళ్ళ ధరలు పోల్చి చూసింది. పరీక్ష మార్కులు అయిదు శాతం ఎక్కువున్న బడి వైపు ఇంటికి తల్లిదండ్రులు రెండున్నర శాతం ఎక్కువ ఇస్తున్నారని తేల్చింది. వీధి ఒకటే, గాలి ఒకటే, నీళ్ళు ఒకటే. మధ్యనున్న గీతకే ధర!

అక్కడ బడులకొచ్చే డబ్బులో పెద్ద వాటా ఇంటి పన్నుది. ఒకప్పుడు ఖరీదైన ఇళ్ళున్నచోట బడికి డబ్బెక్కువ ఉండేది. పేదవాళ్ళుండేచోట ఎంత రేటున పన్ను కట్టినా వచ్చేది తక్కువే. ఇది న్యాయం కాదని టెక్సాసులోనే శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేటలోని తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు అటూ నలుగురు ఇటూగా విడిపోయి, వాళ్ళ దేశ రాజ్యాంగంలో చదువు ప్రాథమిక హక్కు కాదని తీర్పిచ్చింది. ఒక్క ఓటుతో! మన రాజ్యాంగంలో మాత్రం 2002లో చేసిన 86వ సవరణతో ఆరు నించి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువు హక్కయి కూచుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కాయితం మీద మనమే నయం.

ఇంతకీ, గీత చూసుకుని కొన్నవాళ్ళందరూ సుఖపడ్డారా అంటే అదీ లేదు. డల్లస్ పక్కనే ఉన్న ప్లేనో మంచి బడులకి పేరు మోసిన ఊరు. పిల్లలు తగ్గిపోతున్నారని అక్కడి బడుల బోర్డు 2024లో నాలుగు బడులు మూసెయ్యాలని నిర్ణయించింది. కారణాలు చాలా ఉన్నాయి. పుట్టే పిల్లలు తగ్గారు. పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయినా తల్లిదండ్రులు ఆ ఇళ్ళలోనే ఉన్నారు. ఆ ధరలు పెట్టి కొనడం చిన్న వయసు దంపతులకి కష్టమైపోయింది. బడి బాగుందని ఇళ్ళ ధర పెరిగింది. ధర పెరిగి పిల్లలున్నవాళ్ళు రాలేకపోయారు. పిల్లలు రాక బడి మూతపడింది. ఇది చదివాక నాకు మామిడిపళ్ళకి కాపలా పెట్టి, కాపలావాడి జీతం కోసం చెట్టు అమ్ముకున్నట్టు అనిపించింది.

ఇదంతా మా ఆడపడుచు ఇంట్లో ఓ సాయంత్రం చర్చకొచ్చింది. ఆయన నార్సింగి అన్నారు. "మూడు గంటల ప్రయాణం చెయ్యలేకపోతే ఉద్యోగం మానెయ్యి. పిల్లల భవిష్యత్తు ముఖ్యం కదా" అన్నారు. మంచిగానే అన్నారు, పాపం. ఆవిడ మాట్లాడకుండా పిల్ల జడ విప్పి మళ్ళీ వేస్తూ కూచుంది. పదమూడేళ్ళ సర్వీసు. పరీక్షలు రాసి తెచ్చుకున్న ప్రమోషను.

అప్పటిదాకా వత్తులు చేసుకుంటున్న పిన్నిగారు కళ్ళజోడు తీశారు.

"అబ్బాయ్, నీకు గుర్తుందో లేదో. మీ ముగ్గురన్నదమ్ముల చదువు కోసం మీ తాతగారు నాచేత గుంటూర్లో కాపరం పెట్టించారు. ఒక్క గది. కిరసనాయిలు పొయ్యి. తొమ్మిదేళ్ళు. మీ నాన్నగారు పల్లెలో, నేను పట్నంలో. పండగలకి కలుసుకునేవాళ్ళం. మీరు ముగ్గురూ వృద్ధిలోకొచ్చారు, సంతోషం. కానీ మీ అక్కని నాతో తీసుకెళ్ళనివ్వలేదురా. ఆడపిల్లకి పట్నం చదువెందుకన్నారు. అయిదో క్లాసుతో ఆగిపోయింది. మా ఇంటికి చదువు కాపరం ఒకటి చాలు. కోడలిపిల్ల చేత ఇంకోటి చేయించకు."

గదిలో కాసేపు ఫాను చప్పుడే వినబడింది.

చదువు కాపరం! ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఎన్ని కుటుంబాలు అలా రెండు ముక్కలై బతికాయి! పిల్లలతో తల్లో, నాయనమ్మో పట్నంలో అద్దెగదిలో వండి పెడుతూంటే, మగవాళ్ళు పల్లెలో వ్యవసాయం చూసుకునేవాళ్ళు. ఆ బియ్యం బస్తాలూ, ఆ పచ్చడి జాడీలూ మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ ర్యాంకుల బోర్డు మీదా లేవు. ఇవాళ ఫ్లాటు మారింది, లిఫ్టు వచ్చింది. కానీ మంచి బడి ఖరీదులో కొంత ఇంటావిడ జీవితంలోంచి చెల్లించే పద్ధతి మారలేదు.

ఇల్లు కొనుక్కోలేనివాళ్ళకీ ఈ లెక్క తప్పదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ, కిందటేడు ఉన్న గది ఖాళీ చేసి అంతకన్నా చిన్న గదికి, అంతకన్నా ఎక్కువ అద్దెకి మారింది. ఎందుకమ్మా అంటే, "పెద్దపిల్ల ఆరుకొచ్చిందమ్మా. పాత గదినించి హైస్కూలుకి పెద్దరోడ్డు దాటాలి. పిల్ల రోడ్డు దాటాలంటే వాళ్ళ నాన్న బడి మానిపించేస్తానన్నాడు. ఇక్కడైతే సందులోంచి సందులోకి నడిచెళ్ళిపోద్ది" అంది. కోటి రూపాయల ఫ్లాటుకి వేసే లెక్కే ఈవిడా వేసింది. పైగా తేల్చుకోడానికి ఈవిడకి పట్టింది ఒక్క పూట.

అయిదో తరగతిదాకా ఒక కిలోమీటరులో, ఆరు నించి ఎనిమిదిదాకా మూడు కిలోమీటర్లలో బడి ఉండాలని 2010లో కేంద్రం చేసిన నమూనా నియమాల్లో ఉంది. మూడు కిలోమీటర్లన్నది మగపిల్లాడికి సైకిలు, ఆడపిల్లకి సరిహద్దు. అంతకన్నా ముందే, కోల్మన్ నివేదిక వచ్చిన ఆ 1966లోనే, మన కొఠారీ కమిషన్ ఓ మాట చెప్పింది. ఒక పేటలో ఉండే పిల్లలందరూ, కలిగినవాళ్ళూ లేనివాళ్ళూ, ఆ పేట బడిలోనే కలిసి చదవాలని. పొరుగుబడి అన్నమాట. అది జరిగి ఉంటే మా మేనకోడలూ, మా పనావిడ కూతురూ ఒకే బెంచీ మీద కూచునేవాళ్ళేమో. అప్పుడు ఆ బడిలో టీచరు రాకపోతే మా అన్నయ్యగారు ఊరుకునేవారా? పెద్దసారు గదిలో బైఠాయించేవారు కాదూ! ఇప్పుడు ఆ శ్రద్ధంతా బస్సెక్కి వేరే పేటకి వెళ్ళిపోతోంది.

చివరికేమైందంటారా? మియాపూరులో తీసుకున్నారు. ముచ్చటపడిన బడి కాదుగానీ, పావుగంట నడకలో ఓ చిన్న బడి దొరికింది. గుర్రపు స్వారీ లేదు, ఏసీ గదులు లేవు. నోటుపుస్తకాల్లో ఎర్రసిరా మాత్రం కనిపించింది. ఆవిడ ఉద్యోగం నిలబడింది. ఆయన కాస్త దూరం వెళ్ళొస్తున్నారు, సణుక్కుంటూనే అనుకోండి. గుడి వీధి మలుపులోనే ఉంది. పిన్నిగారు మొన్న ఫోను చేసి, మనవరాలిని బడినించి తనే నడిపించుకొస్తున్నాననీ, దారిలో ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటున్నాననీ గొప్పగా చెప్పారు. పదమూడో ఎక్కం దగ్గర ఇద్దరూ ఆగిపోతున్నారట.

నేను ఊరుకోక, "మరి పదో క్లాసయ్యాక ఎలాగండీ?" అన్నాను.

"అప్పుడేముందమ్మాయ్, ఇంటరుకి ఎక్కడో హాస్టల్లో వేస్తామని వీళ్ళిప్పటినించే మాట్లాడుకుంటున్నారు. పిల్ల కోసం కొన్న ఇంట్లో పిల్లుండదు. ఆ గది నాకిచ్చేస్తారట, దేవుడి గూటికి బాగుంటుందని" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. ఫోను పెట్టేశాక నాకు మాత్రం వెంటనే నవ్వు రాలేదు. పదేళ్ళ బడి కోసం ఇంత తపన పడ్డవాళ్ళం, పదహారో ఏట పిల్లని ఇంట్లో ఉంచుకునే ఉపాయం గురించి ఎందుకు ఆలోచించమో! ఇల్లు వెతుక్కుంటున్న తల్లులు ఆ గడి కూడా ఒకటి గీసుకుని లెక్క వేసుకుంటే బాగుంటుంది. వీలైతే సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి, బస్సుల హోరులో నిలబడి మరీ వేసుకోండి.