గ్రౌట్ రంగు ఎవరు ఎంచాలి?

ఇల్లు బాగుచేయించేటప్పుడు పెద్ద నిర్ణయాలు తేలిగ్గానే అయిపోతాయి, చిన్నవాటి దగ్గరే పంచాయితీ. ఆత్మకూరులో మా ఇంటి బాత్రూముకి టైల్స్ ఎంచడానికి అరగంట పట్టింది. ఆ టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ ఏ రంగుండాలి అన్నదానికి వారం పైనే పట్టింది. (ఆత్మకూరంటే నెల్లూరు జిల్లాది కాదండీ. కర్నూలు నుంచి దోర్నాల వైపు నల్లమలలోకి పోయే దారిలో ఉండేది. 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది.)

పాత బాత్రూములో ఉన్నవి కడప బండలు. గట్టివి, చవక, మా వైపు అందరికీ అలవాటైనవి. కానీ నలుపు. ముప్పై ఏళ్ళు ఆ నలుపు చూసి అమ్మకి విసుగొచ్చింది. అందుకే షాపులో ఆవిడ ఏమాత్రం మొహమాటపడకుండా లేత తెలుపు మీద నీలం, ఆకుపచ్చ, పసుపు పువ్వులున్న టైల్స్ పట్టుకుంది. "బాత్రూమా, పెళ్ళి పందిరా?" అన్నాడు నాయన. అయినా అమ్మ మాటే నెగ్గింది.

గ్రౌట్ దగ్గరికొచ్చేసరికి అందరం నిపుణులమైపోయాం. బెంగుళూరులో ఉన్న చెల్లెలు తెలుపంది. డల్లాస్ నుంచి మా బావ నలుపన్నాడు, ఎక్కడో ఫోటోల్లో చూశాట్ట. ఫ్యామిలీ గ్రూపులో ఓటింగు కూడా పెట్టారు. గమ్మత్తేంటంటే ఓటేసిన వాళ్ళలో ఆ బాత్రూములో రోజూ స్నానం చేసేవాళ్ళు ఒక్కరూ లేరు!

చూపు వరకూ చెప్పాలంటే వాళ్ళిద్దరి మాటల్లోనూ న్యాయముంది. టైల్‌కీ గ్రౌట్‌కీ రంగు తేడా ఎక్కువుంటే గోడ మీద గళ్ళు గీసినట్టు కనబడుతుంది, ఒక్కో టైల్ విడివిడిగా తెలుస్తుంది. రంగు కలిసిపోతే గళ్ళు మాయమై పువ్వులన్నీ ఒకే గుడ్డలా కనబడతాయి. రంగురంగుల టైల్స్‌కి ఇంకో చిక్కుంది. గ్రౌట్‌కి పువ్వులోని నీలం తీసుకుంటే పసుపు గింజుకుంటుంది, పసుపు తీసుకుంటే నీలం అలుగుతుంది. అందుకని టైల్‌లో ఉన్నవాటిలోకెల్లా నెమ్మదైన రంగుని, అంటే వెనకాల నేలగా ఉన్న రంగుని పట్టుకోవడం మేలు. అడుగు చదరం టైల్స్‌కి 3 మి.మీ. సందు వదిలితే గోడ మొత్తంలో గ్రౌట్ వాటా 2 శాతం లోపే. ఆ 2 శాతమే మిగతా 98ని ఎలా చూడాలో చెబుతుంది.

ఇదంతా మేస్త్రి ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అది సరే సారూ, మీ బోరు నీళ్ళు ఎట్లాంటివి?"

అసలు ప్రశ్న అదీ! కర్నూలు, కడప వైపు చాలాచోట్ల నేల అడుగున ఉండేది సున్నపురాయి. బేతంచెర్ల బండలూ అదే, మన సిమెంటు ఫ్యాక్టరీలు బతికేదీ దాని మీదే. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడుని కలుపుకున్న వాన నీళ్ళు కిందికి ఇంకుతూ ఆ రాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తాయి. ఆ నీళ్ళు మళ్ళీ గాలి తగిలి ఆరినప్పుడు సున్నం మిగిలిపోతుంది. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూశారా? 3,229 మీటర్ల పొడవున నీళ్ళు రాయిని తొలిచేశాయి, కొన్నిచోట్ల పైకప్పు నుంచి సున్నపు ఊడలు దించాయి. మా బకెట్టుకీ కుళాయికీ గార పట్టించేది సరిగ్గా ఆ పనే. గుహలో దానికి టికెట్టు కొని చూస్తాం, ఇంట్లో పీచు పెట్టి రుద్దుతాం.

ఇప్పుడు రంగుల సంగతి చూడండి. నల్ల గ్రౌట్ వేస్తే ఈ గార దాని మీద ముగ్గు గీసినట్టు తెల్లగా తేలుతుంది. తెల్ల గ్రౌట్ మీద గార కనబడదు, నిజమే. కానీ తలనూనె, కుంకుడు రసం, పసుపు, ఎర్రమట్టి కాళ్ళు... వీటన్నిటికీ తెలుపే దొరుకుతుంది. సిమెంటు గ్రౌట్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, పడిందల్లా పీల్చేస్తుంది. మధ్యరకం బూడిద రంగో ఇసుక రంగో అయితే ఈ రెండు మరకలనీ సర్దుకుపోతుంది.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది యాసిడ్ సీసా. మా ఊళ్ళో బాత్రూము కడగడమంటే యాసిడే. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ నొప్పితో గొంతుక్కూర్చుని, పాత బ్రష్షుతో ఆ పొగలో రుద్దుతుంది. యాసిడ్ పడగానే బుసబుస పొంగేది గార కరుగుతూనే. కానీ గట్టిపడిన సిమెంటులో ఉన్నదీ కాల్షియమే. గారని తినే యాసిడ్ గ్రౌట్‌నీ తింటుంది, దానికి తేడా తెలీదు. సందులు గుల్లయ్యాక మురికి ఇంకా లోపలికి దిగుతుంది, ఇంకాస్త యాసిడ్ పోస్తారు. (మీ ఇంట్లో ఎవరైనా యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ కలిపి వాడుతుంటే వెంటనే ఆపించండి. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు.)

అందుకని ఓటింగు పక్కనపెట్టి అమ్మని అడిగాను, నీకే రంగు కావాలని. "రంగుదేముంది నాయనా, ఏదేస్తే నేను వంగి రుద్దక్కర్లేదో అదేయండి" అంది. ఆఫీసులో ఇంత స్పష్టమైన రిక్వైర్‌మెంట్ నాకెవరూ ఇవ్వలేదు.

ఆ ఒక్క వాక్యంతో చాలా తేలిపోయాయి. నేలకీ, గోడ మీద నీళ్ళు చిందే ఎత్తు వరకూ ఎపాక్సీ గ్రౌట్. అది రెజిన్, హార్డెనర్ కలిపి వేసేది, నీళ్ళు పీల్చదు, సిమెంటులా యాసిడ్‌కి కరగదు. ఖరీదు మాత్రం సిమెంటు గ్రౌట్‌కి చాలా రెట్లు. ఆరేలోపే టైల్ మీద అంటుకున్నది తుడిచెయ్యాలి, లేకపోతే వదలదు. పైన మిగతా గోడకి మామూలు సిమెంటు గ్రౌటే. రంగు విషయంలో షేడ్ కార్డుని నమ్మలేదు, ఎందుకంటే సిమెంటు గ్రౌట్ తడిగా ఉన్నప్పుడు ముదురుగా ఉండి ఆరాక తేలిపోతుంది. మిగిలిన టైల్ ముక్కలు మూడు రంగులతో అతికించి, మా బోరు నీళ్ళు రోజూ పోసి వారం చూశాం. ఎంచింది అమ్మే. లేత బూడిద రంగు.

బావకి ఫోటో పంపిస్తే "కాస్త డల్‌గా ఉంది కదా" అన్నాడు. ఫోటోలో డల్లే మరి. ఎక్కడెక్కడో స్థిరపడిన మనం ఊళ్ళో ఇంటికి డబ్బు పంపినప్పుడల్లా దాంతోపాటు మన అభిరుచి కూడా పంపిస్తుంటాం. ఏసీ, మాడ్యులర్ కిచెన్, గ్లాసు తలుపులు, అన్నీను. ఏడాదికి రెండు పండగలకి వెళ్ళి వాటిని చూసి మురిసి వచ్చేస్తాం. మిగతా మూడు వందల యాభై రోజులూ వాటిని తుడిచేది వాళ్ళు. డబ్బు మనదే కావచ్చు. వంగాల్సిన నడుము మాత్రం మనది కాదు.

మీ ఊళ్ళోనూ ఇలాంటి పని మొదలుపెడుతుంటే షేడ్ కార్డు తెరిచే ముందు ఇంట్లో బకెట్టు అడుగుభాగం ఒకసారి చూడండి. తర్వాత దాన్ని రోజూ తోమే మనిషిని అడగండి.